పంచకలశముల ముందు కూర్చుండువాడెవడు?
(క్రోసూరు శరణగోష్ఠిలో చేసిన ప్రసంగము)





గడచిన మాఘమాసములో ఈ క్రోసూరు ప్రాంతమున ఒక ఇంట పెండ్లిమాటలు జరుగుచుండగా నేనక్కడ కూర్చుండి యుంటిని. మిరపకోతల దినములు. ఇంటిముందు కల్లములో కాయలు ఎండుచున్నవి. ఆ ఘాటునకు ముహూర్తము వ్రాయుచున్న నాకు రెండు మారులు తుమ్ము వచ్చెను. లగ్నము కుదిరినది, తాంబూలములు పుచ్చుకొనిరి. అంతలో హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్న పెండ్లికుమారుడు నా దగ్గరకు వచ్చి మెల్లగా నిట్లడిగెను: “అయ్యవారూ, ఏమీ అనుకోకండి. పెళ్ళి చేయించడానికి మీకు లైసెన్సు ఏమైనా ఉంటుందా?”

వాని మేనమామ అదలించెను. “అయ్యవారిని అడిగే మాటేనా అది? మీ తాతకు, మీ నాయనకు పెళ్ళిళ్ళు చేయించిన ఇల్లు అది!” అనెను. ఆడవారు నవ్విరి. నేను మాత్రము నవ్వలేకపోతిని. ఆ పిల్లవాడు గుంటూరులో తన క్రైస్తవ మిత్రుని వివాహమునకు వెళ్ళి, పాస్టరుగారు లైసెన్సు కలవారని, రిజిస్టరులో సంతకములు చేయించిరని చూచి వచ్చినాడు. రేపు విదేశమునకు పోవలసి వచ్చినచో భార్యకు వీసా కావలెను. అందులకు తన వివాహము చెల్లునో చెల్లదో తెలిసికొనవలెనని వాని తాపత్రయము. అడుగదగిన ప్రశ్నయే అడిగినాడు. నలువది ఏండ్లుగా పెండ్లిపందిళ్ళలో కూర్చున్న నన్ను ఇంతవరకు ఒక్కరును ఈ మాట అడుగలేదే యని నాకు ఆశ్చర్యము కలిగినది. మూడవనాడు రమ్మని వానిని పంపితిని. ఆ మూడు దినములలో నాకు తట్టిన సంగతులే నేడు మీ ముందు విన్నవించుచున్నాను.

మొదట ఇతరుల సంగతి చూతము. మన దేశములో క్రైస్తవుల వివాహమునకు 1872వ సంవత్సరపు చట్టమొకటి కలదు. పెండ్లి చేయింపదగినవారెవరో ఆ చట్టము స్పష్టముగా చెప్పుచున్నది: తమ సంఘనియమము ననుసరించి అభిషేకము పొందిన గురువులు, రాష్ట్రప్రభుత్వము వలన లైసెన్సు పొందిన మతబోధకులు, ప్రభుత్వము నియమించిన వివాహ రిజిస్ట్రారులు మొదలగువారు. అట్టి అధికారము లేనివాడు చేయించినచో పదేండ్ల వరకు కారాగారశిక్ష కలదు. పారసీకులకు 1936 చట్టము. వారి ఆశీర్వాద కర్మను వారి పురోహితుడు, తాను గాక మరి యిద్దరు పారసీకులు సాక్షులుగా నుండగా జరుపవలెను. ముస్లిములకు 1880 నాటి ఖాజీల చట్టము కలదు గాని, దానిలో నొక చిత్రము: ప్రభుత్వము ఖాజీని నియమింపవచ్చును, అయినను ఖాజీ లేనంత మాత్రమున వివాహము చెల్లకపోదని అందులోనే వ్రాసినారు. ఇక ఏ మతాచారమును అక్కరలేదనుకొనువారికి 1954 ప్రత్యేక వివాహ చట్టము. అక్కడ ప్రభుత్వము నియమించిన వివాహాధికారికి నోటీసు నిచ్చి, ముప్పది దినములు ఆగి, ముగ్గురు సాక్షుల ఎదుట ప్రమాణము చేసి దంపతులగుదురు.

మనకో? 1955 హిందూ వివాహ చట్టము. ఆ చట్టము ఎవరికి వర్తించునో చెప్పు రెండవ సెక్షనులోనే వీరశైవులు, లింగాయతులు అను రెండు పేర్లును అచ్చుపడియున్నవి. మనది ప్రత్యేక మతమా కాదా యను వాదము కర్ణాటకములో 2018లో ప్రభుత్వ సిఫారసు దాక పోయిన సంగతి మీకందరకు తెలియును. ఆ వాదములో ఎవరు ఏ పక్షమున నున్నను, పెండ్లి విషయములో నేటి శాసనవాక్యము మాత్రము అదియే.

ఆ చట్టములో ఏడవ సెక్షను చదువుడు. వధువు పక్షము వారి ఆచారము ననుసరించి గాని, వరుని పక్షము వారి ఆచారము ననుసరించి గాని వివాహము జరుపవచ్చునని అందున్నది. ఆ ఆచారములో సప్తపది కలదేని, ఏడవ అడుగు పడినప్పుడు వివాహము పూర్తియగునని చెప్పినది. అంతే. పురోహితుడు అను మాటయే అందు లేదు. ఎవడు కూర్చుండవలెను, ఏమి చదివియుండవలెను, ఏ కులమున పుట్టియుండవలెను, పురుషుడా స్త్రీయా అను ప్రసక్తి యెక్కడను లేదు. నేను ఆ సెక్షనును మూడు మారులు చదివితిని, కనబడునేమో యని.

కావున ఆ పిల్లవాని ప్రశ్నకు బదులు ఒక్క మాటలో తేలిపోయినట్లే. నాకు లైసెన్సు లేదు. మన దేశములో ఏ జంగమయ్యకును, ఏ బ్రాహ్మణ పురోహితునకును, ఏ దాసరికిని ఆ పనికి లైసెన్సు లేదు. అడుగు చట్టమును లేదు, ఇచ్చు కార్యాలయమును లేదు. దేవాలయములలో అర్చకుల సంగతి వేరు. 1987 దేవాదాయ చట్టము మన రాష్ట్రమున అర్చకుల వంశపారంపర్య హక్కును తీసివేసినది. 1996లో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. కాని పెండ్లిపందిరి దేవాదాయశాఖ పరిధిలోనిది కాదు.

ఇంతమాత్రమున ఎవడు ఏమి చేయించినను పెండ్లియగునని తలంపరాదు. చట్టము చేయించువానిని అడుగదు గాని చేసిన పనిని గట్టిగా అడుగును. 1965లో భావురావు లోఖండే వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పినదేమనగా, వివాహము జరుపుట యనగా తగిన కర్మకలాపముతో, తగిన రీతిలో జరుపుట. 2024 ఏప్రిలులో అదే న్యాయస్థానము మరింత విప్పి చెప్పినది: వివాహము సంస్కారము, ఆచారకర్మ జరుగక కేవలము రిజిస్ట్రేషను కాగితము సంపాదించినంత మాత్రమున హిందూ వివాహము కాదు. వీసా కొరకు ముందుగా కాగితము పుట్టించి, పెండ్లి తరువాత చూచుకొందమను ఇండ్లు మన పల్నాడులోను ఉన్నవి గనుక ఈ తీర్పును గట్టిగా చెప్పుచున్నాను.

మరి సప్తపది మనలో అందరికిని లేదు గదా యని మీరడుగవచ్చును. మల్లికార్జున పండితారాధ్యుల సంప్రదాయమును పాటించు ఆరాధ్యుల ఇండ్లలో ఉపనయనమును కలదు, లింగధారణమును కలదు. వారి వివాహక్రమము వేరు. జంగముల ఇండ్లలో, లింగబలిజల ఇండ్లలో పంచకలశ స్థాపనము, గురుపూజ, మాంగల్యధారణము, అక్షతలు ప్రధానము. ఏడడుగులు ఆచారములో లేనిచోట అవి లేకున్నను వివాహము చెల్లునని 2001లో నాగలింగము, శివగామి వ్యాజ్యమున సుప్రీంకోర్టు తేల్చినది. అయితే ఆచారము అనగా చట్టము దృష్టిలో చాలకాలముగా ఎడతెగక, ఒకే రీతిగా పాటింపబడినది కావలెను. నిన్న యూట్యూబులో చూచి నేడు పందిరిలో కలిపినది ఆచారము కాదు.

ఈ తేడా వలన అరవనాడులో ఎంత గందరగోళము జరిగినదో చెప్పెదను. అక్కడ పురోహితుడు, మంత్రము లేకుండ దండలు మార్చుకొను స్వాభిమాన వివాహములు వేలకొలది జరిగినవి. 1950లలో మద్రాసు హైకోర్టు అట్టి వివాహమొకటి చెల్లదని తీర్పు చెప్పినది. ఆ స్త్రీల గతి యేమి, బిడ్డల ఆస్తి యేమి? చివరకు 1967లో ఆ రాష్ట్ర శాసనసభ ఏడవ సెక్షను ప్రక్కన 7-ఎ అని కొత్త సెక్షను చేర్చి, బంధుమిత్రుల ఎదుట దండలో ఉంగరములో మార్చుకొన్నను, తాళి కట్టినను చాలునని శాసించినది. ఆ సవరణ తమిళనాడునకే గాని ఆంధ్రమునకు కాదు. కావున మనలో ఎవరైన మైకు ముందు దండలు మాత్రమే మార్చుకొనదలచినచో వారికి సురక్షితమైన త్రోవ 1954 ప్రత్యేక వివాహ చట్టము. ఆదర్శవివాహమను పేర ఆడపిల్లకు రేపు ఋజువు లేకుండ చేయుట ఆదర్శము కాదు.

మన గుంటూరుసీమలోనే ఈ పౌరోహిత్యపు ప్రశ్న నూరేండ్ల క్రిందట పెద్ద ఎత్తున లేచినది. తెనాలిలో సూతాశ్రమము నెలకొల్పిన కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) ‘వివాహవిధి’ యను గ్రంథమును వ్రాసి, బ్రాహ్మణ పురోహితుడు లేకయే, అర్థమగు తెలుగుమాటలతో పెండ్లిండ్లు చేయించినారు. స్వసంఘ పౌరోహిత్యమని దానికి పేరు. ఎవరి సంఘమునకు వారే పురోహితులు కావలెనని వారి పట్టు. వారి భావములన్నియు మనకు సమ్మతములని నేననను. కాని వారు పోరాడి సంపాదింప జూచిన దానిని మన పెద్దలు ఎనిమిది వందల ఏండ్లకు పూర్వమే చేతబట్టినారు! వీరశైవుని ఇంట పెండ్లి చేయించుటకు జంగముడు వచ్చును. వేరొక వర్ణమువాని అనుమతి అక్కరలేదు. ఇది మనకు గర్వకారణము. గర్వించిన తరువాత ఒక మాట ఒప్పుకొనవలెను. దక్కినదానిని మనము తిరిగి పుట్టుకకు కట్టి పెట్టితిమి.

కల్యాణపట్టణములో పండ్రెండవ శతాబ్దమున జరిగినదని చెప్పుకొను పెండ్లిని మీరందరు వినియున్నారు. బ్రాహ్మణకులమున పుట్టిన మధువరసు కుమార్తె, చెప్పులు కుట్టు కులమున పుట్టిన హరళయ్య కుమారుడు. ఇరువురు తండ్రులును లింగధారులు. బిజ్జలుడు వారిని దండించెను, కల్యాణము కల్లోలమాయెను. మన పాల్కురికి సోమనాథుని బసవపురాణములో అల్లయ్య, మధువయ్య యను భక్తుల కన్నులు బిజ్జలుడు తీయించిన వృత్తాంతమున్నది. పెండ్లి కథ తరువాతి కన్నడ సంప్రదాయములో విస్తరించినది. అది యట్లుండనిండు. ఆ కథ చెప్పుకొనునప్పుడెల్ల వధువుది ఏ కులము, వరునిది ఏ కులము అని మాత్రమే మనము చెప్పుదుము. ఆ పందిట గురుస్థానమున కూర్చున్నవాని కులమెవరైన అడిగితిరా? లింగము కట్టుకొన్నవారికి, కట్టినవానికి కులము లేదనియే గదా ఆ పెండ్లి జరిగినది. నేడు మన పిల్లకు సంబంధము వచ్చినచో పందిట కూర్చుండు అయ్యవారి ఇంటిపేరు, గోత్రము అడుగుదుము. ఆయనకు పంచాక్షరి అర్థము తెలియునా, ఇష్టలింగపూజ నిత్యము చేయునా, మద్యము ముట్టునా అని అడుగము.

మరి అర్హత యెట్లు కలుగును? చట్టము మౌనముగా నున్నది గనుక మన శాస్త్రమును, మన మఠములనే అడుగవలెను. ఇందులో రెండు మార్గములు మనలో కలవు. పంచపీఠముల సంప్రదాయములో జంగమవంశమున పుట్టిన పిల్లవానికి అయ్యాచారము చేసి, గురువు దీక్షనిచ్చి, విభూతి, రుద్రాక్ష, మంత్రముల నొసగి అధికారిని చేయుదురు. బసవాది శరణుల వచనములను ప్రమాణముగా గొన్న విరక్తమఠములవారు జంగమత్వము నడతయే గాని జన్మము కాదందురు. నేను పుట్టినది మొదటి మార్గములో. మా నాయనగారు నాకు అయ్యాచారము చేయించి, పెండ్లివిధి నోటితో చెప్పి, పదేండ్లు వెంట త్రిప్పుకొని నేర్పినారు. ఆ ఋణము నాకు కలదు. అయినను నా మనసులోని మాట చెప్పెదను: నా యెరుకలో అయ్యాచారమైన తరువాత ఒక్క దినమును లింగపూజ చేయనివారున్నారు, ఏ వంశమునకు చెందని దీక్షితుడు తెల్లవారుజామున లేచి పూజ ముగించి గాని మంచినీరు త్రాగనివాడున్నాడు. వీరిలో ఎవరిని పంచకలశముల ముందు కూర్చుండబెట్టవలెనని నన్నడిగినచో నేను తడుముకొనను.

రెండు మార్గములవారును ఒప్పుకొను సంగతి యొకటున్నది. దీక్షయైనంత మాత్రమున పెండ్లి చేయించు విద్య రాదు, నేర్చుకొనవలెను. హానగల్లు కుమారస్వాములవారు 1909లో బాదామి దగ్గర శివయోగమందిరమును స్థాపించినది ఇందులకే గదా. మఠమునకు పేరున్నది, పీఠమునకు మాన్యమున్నది, కూర్చుండువానికి చదువు లేదని ఆ మహానుభావుడు చూచినాడు. మఠములకు కాబోవు స్వాములకు, సాధకులకు అక్కడ క్రమశిక్షణ, శాస్త్రము, యోగము నేర్పించినారు. కాశీలో జంగమవాడి మఠము నేటికిని విద్యార్థులకు నీడనిచ్చుచున్నది. మన తెలుగునాట అంతటి శిక్షణ కొరత. పల్నాటి మంచి పిల్లవాడొకడు నేర్చుకొందునన్నచో కన్నడదేశమునకు పంపవలసి వచ్చుచున్నది. అక్కడ భాష రాక సగము మంది తిరిగి వచ్చుచున్నారు. మిగిలినవారు తండ్రి వెంట తిరిగి నేర్చినవారు, అదియును లేనివారు సెల్‌ఫోనులో నేర్చినవారు.

స్త్రీలు కూర్చుండవచ్చునా యని కొందరు తల్లులు నన్నడిగినారు. చట్టము అడ్డుచెప్పలేదని ముందే చెప్పితిని. అక్క నాగమ్మకు లేని ఉపనయనము తనకు వలదని ఇల్లు విడిచిన బసవన్న కథ చెప్పుకొని పెరిగిన మనము వలదనుట యెట్లు? 1970లో మాతే మహాదేవి జగద్గురు పీఠమెక్కినారు; 2019లో లింగైక్యము చెందువరకు దీక్షలిచ్చినారు. ఆమె బోధలలో కొన్నిటిని గూర్చి మనలో అభిప్రాయభేదములున్నవి. పీఠమెక్కదగిన స్త్రీ పీట మీద కూర్చుండరాదనుట మాత్రము నాకు పొసగలేదు.

ఇంతవరకు అర్హత సంగతి. ఇప్పుడు నా అనర్హత చెప్పెదను. ఇది ఇరువదియైదేండ్లకు పైబడిన మాట. పక్క మండలములో నొక పెండ్లి. నన్ను పిలిచిరి, పోతిని. వధువు తలవంచుకొని కూర్చున్నది. కంకణము కట్టునప్పుడు చేయి చూచితిని. చిన్న చేయి. గాజులు మోచేతి దాక జారిపోవుచున్నవి. ఎవరో లోపలివైపు దారము చుట్టి బిగించిరి. నాకు తెలిసినది. ఒక్కమాట అడిగినచో ఆ ముహూర్తము ఆగెడిది. పందిరి వేసినారు, వంటలైనవి, నాలుగూళ్ళ బంధువులు కూర్చున్నారు, నా దక్షిణ తమలపాకులో నున్నది. అడుగలేదు. మంత్రము చదివితిని, తాళి కట్టించితిని. ఆ పిల్ల తొమ్మిదవ తరగతి మధ్యలో మాని వచ్చినదని తరువాత తెలిసినది. ఏడాది తిరుగకమున్నే పురుడు, బిడ్డ దక్కలేదు, తల్లి ఆరుమాసములు మంచము పట్టినది.

చాల ఏండ్ల తరువాత కోటప్పకొండ తిరునాళ్ళలో ఆమె నన్ను గుర్తుపట్టి కాళ్ళకు మ్రొక్కినది. నేను కుశలమడిగితిని. కొంతసేపు మాటలాడి, పోబోవుచు అన్నది: “అయ్యవారూ, ఆ రోజు మీరొక్కరే నా చెయ్యి చూశారు. మీరు అడుగుతారేమో అనుకున్నాను.” కోపముగా అనలేదు. కొండమీది త్రికోటేశ్వరస్వామి దక్షిణామూర్తి స్వరూపుడగుటచేత అక్కడ స్వామికి కల్యాణోత్సవము చేయరు. పెండ్లి లేని దేవుడు. ఆనాడు మెట్లు దిగుచు ఆ స్వామి ఎదుట తలయెత్తి చూడలేకపోతిని.

అప్పటికిని చట్టమున్నది. 1929 శారదా చట్టము, 1978లో ఆడపిల్లకు పదునెనిమిది, మగవానికి ఇరువదియొకటి అని సవరింపబడినది. చేయించినవానికి అందులో శిక్ష స్వల్పము. ఎవరును పట్టించుకొనెడివారు కారు. నేటి చట్టము అట్టిది కాదు. 2006 బాల్యవివాహ నిషేధ చట్టము పదవ సెక్షను ప్రకారము బాల్యవివాహమును చేసిన, జరిపించిన, ప్రోత్సహించిన వానికి రెండేండ్ల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా. పెండ్లి బాల్యవివాహము కాదని నమ్ముటకు తనకు తగిన కారణమున్నదని ఋజువు చేసికొన్నవాడు మాత్రమే తప్పించుకొనును. ఆ ఋజువు భారము పీట మీద కూర్చున్నవానిది. తల్లి చెప్పినది, మేనమామ చెప్పినాడు అనినచో చాలదు. చూచితిరా? పెండ్లి చేయించుటకు లైసెన్సు అడుగని శాసనమే, తప్పు పెండ్లి చేయించినచో చెఱసాల చూపుచున్నది. అధికారము మనకు విడిచి, బాధ్యతను మాత్రము విడువలేదు.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశమున 20 మొదలు 24 ఏండ్ల వయసు స్త్రీలలో నూటికి 29 మందికి పైగా పదునెనిమిది నిండకయే పెండ్లియైనవారని తేలినది. దేశమంతటి లెక్క 23. ఈ పెండ్లిండ్లన్నియు గాలిలో జరుగలేదు. ప్రతి పందిటను ఎవడో యొకడు కూర్చున్నాడు, మంత్రమో ప్రార్థనయో చెప్పినాడు. వారిలో నేనొకడను.

నాటినుండి నేనొక పుస్తకము పెట్టుకొంటిని. మామూలు లెక్కల పుస్తకమే. వధూవరుల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, ఆ తేదీ ఏ కాగితములో చూచితినో, ఇదివరకు వివాహమైనదా, అయినచో ఆ వివాహము ఎట్లు ముగిసినది, పెండ్లి జరిగిన చోటు, జరిపిన కర్మలు, ఇద్దరు సాక్షుల సంతకములు. పదవ తరగతి మార్కుల జాబితా గాని, జనన ధ్రువపత్రము గాని కంటితో చూడనిది నేను లగ్నపత్రిక వ్రాయను. మొదట కొందరు కోపగించిరి. రెండు ఇండ్లవారు వేరొకనిని పిలిపించుకొనిరి. ఒక ఇంట పెండ్లి రెండేండ్లు వాయిదా పడినది. ఆ పిల్ల నేడు నర్సు.

ఈ పుస్తకము వలన మరియొక ప్రయోజనము కలదు, దానిని నేను మొదట ఊహింపలేదు. భర్త వదలి రెండవ పెండ్లి చేసికొన్నాడని ఒక స్త్రీ కోర్టుకు పోయినచో, మొదటి వివాహము, రెండవ వివాహము రెండును తగిన కర్మలతో జరిగినవని ఋజువు కావలెను. 1971లో ప్రియబాలా ఘోష్ వ్యాజ్యమున రెండవ పెండ్లిలో అవసరమైన కర్మలు జరిగినట్లు సాక్ష్యము లేక భర్తకు శిక్ష తప్పినది. అట్టి చోట కోర్టు ఎవరివైపు చూచును? పెండ్లి చేయించిన అయ్యవైపు. ఆయన బోనెక్కి “చాలా పెళ్ళిళ్ళు చేయిస్తాను, గుర్తు లేదు” అని దిగివచ్చినచో ఒక ఆడుదాని జీవనభృతి, ఆమె బిడ్డల గౌరవము ఆ ఒక్కమాటతో పోవును. మొదటి భార్య బ్రతికియుండగా పెండ్లి చేసికొన్నవానికి మునుపు శిక్షాస్మృతి 494వ సెక్షను, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను ప్రకారము ఏడేండ్ల వరకు శిక్ష. తెలిసి చేయించినవాడు దానికి సహకరించినవాడగును.

రిజిస్ట్రేషను సంగతి ముగింపక పోరాదు. మన రాష్ట్రములో వివాహముల నిర్బంధ నమోదునకు 2002లో ప్రత్యేక చట్టము వచ్చినది. 2006లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రములకును నమోదు తప్పనిసరి చేయుమన్నది. నమోదు చేయనంత మాత్రమున జరిగిన పెండ్లి రద్దు కాదు. చేసినచో ఋజువు చేతిలో నుండును. వీసాకు, పింఛనుకు, వారసత్వమునకు ఆ కాగితమే అక్కరకు వచ్చును. అయ్యవారిచ్చిన చీటీ దానికి బదులు కాదు. అందుచేత తాళి కట్టించినవాడే వెంటనుండి వారిచేత దరఖాస్తు పెట్టించవలెనని నేను మా పిల్లలకు చెప్పుచుందును. పందిరి ఊడదీసిన తరువాత ఎవరికిని ఆ మాట గుర్తుండదు.

మఠాధిపతులకు సవినయముగా ఒక మనవి. ప్రభుత్వము మనకు పరీక్ష పెట్టలేదు గనుక మీరే పెట్టుడు. అయ్యాచారము చేయునాడే, దీక్షనిచ్చునాడే ఆ పిల్లవానిచేత, లేక ఆ ఆడబిడ్డచేత, వివాహక్రమము చదివించి, అర్థము తెలుగులో చెప్పించి, వయసు కాగితము చూడక పీట ఎక్కనని ఇష్టలింగము అరచేత నుంచుకొని పలికించుడు. ఆ తరువాతనే విభూతి పెట్టుడు. ఏడాదికొకసారి వారి పుస్తకములు తెప్పించి చూడుడు. వేరే ఖర్చు లేదు. ఇంతవరకు ఏ మఠమైన ఆ పని చేయుచున్నచో నన్ను మన్నించి, ఆ మఠము త్రోవ మాకు చూపవలెను.

ఆ పిల్లవాడు చెప్పిన ప్రకారము మూడవనాడు వచ్చినాడు. వెంట వాని తల్లి. కల్లములో కాయలు గోతాలకెత్తుచున్న చేతులతోనే వచ్చినది. “ఏమంటారు అయ్యవారూ, లైసెన్సు ఉందా లేదా?” అని వాడు నవ్వుచు అడిగెను.

“లేదు నాయనా,” అంటిని. పుస్తకము తీసి కొత్త పేజీ విప్పితిని. “అమ్మాయి పదో తరగతి మార్కుల కాగితం తెచ్చావా?”

వాడు తెల్లబోయి తల్లి ముఖము చూచెను. ఆమె కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితము తీసి నా ముందు పెట్టినది. “మీరడుగుతారని మా వియ్యపురాలు నిన్ననే పంపించిందండీ,” అన్నది.